దారం బిగువు

మొన్న సాయంత్రం మా వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె, చంకలో గుడ్డల మూట పెట్టుకుని గసపోసుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నా మిషన్‌కు టెన్షన్ సరిగా లేదంట. ఫోన్‌లో చూసినా, అయినా అర్థం కాలా. టెన్షన్ యాడుంటాదక్కా?"

మా ఇంట్లో అయితే పొద్దున కొళాయి నీళ్ళు వచ్చే వేళకు వాకిట్లో ఉంటుంది. బడి బస్సు హారన్ కొట్టేటప్పుడు వంటింట్లో ఉంటుంది. మా ఆయన డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే నేరుగా నా నెత్తిమీదే ఉంటుంది. మిషన్‌లో ఎక్కడుంటుందో కూడా నాకు తెలుసు గానీ, ఆ తెలివి నా సొంతం కాదు.

ఆ పిల్ల మూట విప్పింది. వాళ్ళ అక్క బిడ్డ కోసం పాత చీరలతో కుడుతున్న చిన్న బొంత. పైన కుట్టు చక్కగా బారులు తీరి ఉంది. తిప్పి చూస్తే కింద దారమంతా ఉండలు, ముడులు.

"కింది దారం మంచిది కాదేమోనక్కా, మార్చేదా?" అని అడుగుతుండగానే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"కింద ముడులు పడితే తప్పు కింద లేదు మే, పైన ఉండాది. దారం ఎక్కించేటప్పుడు పాదం ఎత్తినావా, దించినావా?"

ఆ 'మే' నాది కాదు. నేనెవరినీ అలా పిలవను. ఆ గద్దింపూ నాది కాదు, నేను గద్దిస్తే మా ఇంట్లో పిల్లి కూడా కదలదు.

"దించే ఎక్కించినా. ఎత్తల్లా?"

"ఎత్తల్ల. గుడ్డను నొక్కే ఆ పాదం దించితే పైనున్న రెండు బిళ్ళలూ మూసుకుంటాయి. దారం వాటి నడిమికి పోదు, పైపైన జారిపోతాది. పట్టు లేని దారం కిందికి పోయి ముడులు పడక ఏం చేస్తాది?"

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "ఎవురు నేర్పించినారక్కా నీకు?"

"మా అత్త."

"ఆమెను ఒక్కసారి పిలువక్కా. ఇంకా రెండు డౌట్లు ఉండాయి."

కొత్తగా వచ్చిన పిల్ల కదా, తెలియదు. మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, చెంబు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు తెచ్చేసరికి ఆ పిల్ల వెళ్ళిపోయింది. మంచిదే అయింది.

నేను కర్ణాటక సరిహద్దు అవతల, ఆంధ్రలో అనంతపురం వైపు పల్లెలో పుట్టినదాన్ని. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి పార్కులో పని చేస్తాడు, ఇల్లు కూడా పార్కు పక్కనే" అన్నారు. ముందున్న 'సోలార్' అనే మాట నాకు వినిపించలేదో, వినదలచుకోలేదో! పూలచెట్లు, సిమెంటు బెంచీలు, సాయంత్రాలు చేతిలో చెయ్యి వేసుకుని నడక అనుకుంటూ క్యాతగానచెర్లులో బస్సు దిగాను. కనుచూపు మేరా నల్లటి అద్దాలు. చుట్టూ ఇనుప కంచె. కంచె గేటు దగ్గర టోపీ పెట్టుకుని మా ఆయన. అంత పార్కుకూ కూర్చోవడానికి ఉన్నది ఆయన కుర్చీ ఒక్కటే.

నా మొహం చూసి మా అత్త నవ్వింది. ఆమె నవ్వు నేను చూడటం అదే మొదటిసారి. ఇక్కడి ఫ్లోరైడు బోరునీళ్ళు ఇక్కడివాళ్ళ పళ్ళమీద సంతకం చేసి పోతాయి. ఆమె ముందుపళ్ళమీద ఆ గోధుమరంగు గీతలు బాగా ముదిరి ఉండేవి. నవ్వేటప్పుడు అందరిలా చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు. "వీటిని దాసిపెట్టి ఏం చేస్తా, లాకర్‌లో పెట్టేదా?" అనేది.

"మేము వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టేసినోళ్ళం," అంది నన్ను లోపలికి తీసుకెళుతూ. "వీళ్ళు చూడు, ఎండనే పండిస్తాండారు. ఈ తెలివి మాకు ముందే ఉంటే ఎంత ఎండ పండించుండేవాళ్ళమో!"

ఆ నీళ్ళే ఆమె మోకాళ్ళనూ పట్టేశాయి. కూర్చోవాలంటే కంతుల్లో కూర్చునేది: ముందు గోడ పట్టుకోవడం, తర్వాత ఒక 'అమ్మా', తర్వాత సగం కూర్చోవడం, తర్వాత ఇంకొక 'అమ్మా'. అయితే మిషన్ ముందున్న స్టూలు మీద మాత్రం ఒక్కసారే కూర్చునేది. ఎలాగని అడిగితే, "ఆడ కూచుంటే నాకు మోకాళ్ళు గుర్తుండవు మే" అనేది.

నల్లటి పాత మిషన్. దానిమీది బంగారు పూలన్నీ ఆమె మోచెయ్యి రాసుకుని అరిగిపోయి, ఒక్క ఆకు మాత్రం మిగిలింది. జాకెట్లు, లంగాలు కుట్టేది కాదు. కుట్టేది బొంతలే. సూదులు రవిక భుజం మీద గుచ్చుకునేది, సన్నవి ఒక పక్క, లావువి ఒక పక్క. ఆమెను కావలించుకోవాలంటే ప్రేమ ఒక్కటే చాలదు, ధైర్యం కూడా కావాలి. నా బిడ్డ పుట్టినప్పుడు సంతోషంలో ఒకసారి కావలించుకున్నాను. "చూసుకో, చూసుకో, పద్దెనిమిదో నంబరుది ఉండాది ఆ పక్క!" అని అరిచింది. అప్పటికే నాకు తెలిసిపోయింది.

ఆ నంబర్ల లెక్క ఊరికే కాదు. చీరమీద చీర, నడుమ పాత పంచెలు, దుప్పటి ముక్కలు వేసిన బొంతలోకి సన్నసూది దిగితే వంగుతుంది, కుట్టు జారుతుంది, దారం చిక్కుపడుతుంది. చిక్కు పడ్డ ప్రతిసారీ ఆమె ఒకే వరసలో చూసేది. పాదం ఎత్తి దారం మళ్ళీ ఎక్కించడం. సూది మార్చడం. అప్పటికీ కుదరకపోతే, పంచె అంచు నుంచి సన్నపేలిక చించి కిరసనాయిలులో ముంచి, ఆ రెండు బిళ్ళల నడుమ అటూ ఇటూ లాగడం. పాత చీరల నూలుదుమ్ము, మా ఎర్రమట్టి కలిసి అందులో పేరుకునేవి. ఆ పేలిక బయటికి వచ్చేసరికి తమలపాకు నమిలిన నాలుకలా ఉండేది. "చూడు, దీని నోట్లో ఇంత పెట్టుకుని మాట్లాడమంటే యాడ మాట్లాడతాది!"

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది బాబిన్ పరీక్ష. బాబిన్‌ను దాని డబ్బీలో పెట్టి, దారం కొస పట్టుకుని గాలిలో వేలాడదీసేది. ఊరికే పట్టుకుంటే అది కిందికి జారకూడదు. చేతిని ఒక్కసారి కుదిపితే కొంచెం దిగి ఆగిపోవాలి. జారిపోతే కింది దారం వదులు, కుదిపినా దిగకపోతే మరీ బిగువు.

"కోడలు గూడా ఇట్లనే ఉండల్ల," అంది ఒకసారి, వేలాడుతున్న బాబిన్‌ను నా మొహానికెదురుగా పెట్టి. "ఊరికే జారిపోగూడదు. అట్లని కుదిపినా దిగకపోతే ఎట్ల?"

"అత్త ఎట్లుండల్ల మరి?"

"అత్త కుదిపేది. అత్తకు పరీక్ష లేదు."

ఇంత తెలిసిన మనిషికీ ఒకచోట చుక్కెదురయ్యేది. చిన్నబొంతలు సరే. పెద్దబొంత మిషన్ ఎక్కితే మాత్రం, పాదం ఎత్తినా, బిళ్ళలు తుడిచినా, వాటిని బిగించే స్క్రూ తిప్పినా, కుట్టు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి, ఒకచోట అసలే లేదు. కారణం ఆమెకు తెలుసు. పెద్దబొంత బరువు. అది మిషన్ అవతల నేలమీదికి వేలాడుతూ గుడ్డను గుంజుతుంది. ఆ గుంజుడుకు సూది వంగుతుంది, దారం బిగువు చెడుతుంది. ఆ బరువు పట్టుకోవడానికి అవతల ఒక మనిషి కావాలి. ఇవతల తొక్కేవాళ్ళు, అవతల మోసేవాళ్ళు. పెద్దబొంత అనేది ఒక్కమనిషి పని కాదు.

నన్ను అవతల కూర్చోబెట్టింది. నేను సాయం చేద్దామన్న ఉత్సాహంతో లాగాను. సూది విరిగింది. ఇంకొంచెం ఉత్సాహంగా లాగాను. ఇంకొకటి విరిగింది.

"లాగొద్దు మే, మొయ్యి!" అంది. "అది యాడికి పోవల్లనో దానికి తెలుసు. నువ్వు ఊరికే బరువు పట్టుకో."

ఊరికే బరువు పట్టుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఆమె భుజంమీద ఒక పక్క సూదులన్నీ నా చేతిలో ఖాళీ అయ్యాక, చేతిలో ఉన్న పెద్దబొంతను మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. అది నేను రాకముందే సగం కుట్టి ఆపేసిన బొంత అట. సగం వరకూ కుట్టు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. అప్పుడు అవతల బరువు పట్టుకున్నది ఎవరో నేను అడగలేదు. మా ఆయన చెప్పాడు.

మా మామగారి అన్న భార్య. నాకు పెద్దత్త. మా ఇంటికీ వాళ్ళింటికీ నడుమ ఒక్క ఇల్లు. ఇద్దరూ ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. శనక్కాయ పీకి కుప్ప వేసిన రోజుల్లో పందులు రాకుండా చేనుకాడ పడుకోవడం ఇద్దరి వంతే. రెండు చేన్ల నడుమ ఉన్న గెనిమ గట్టు ఇద్దరికీ దిండు. ఒకే బొంత, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. చేన్లు సోలారుకు ఇచ్చేటప్పుడు కొలిచేవాళ్ళు వచ్చి, "ఈ గెనిమ ఎవరి భూమిలోది?" అని అడిగారట. ఇద్దరూ ఒకేసారి "మాది" అన్నారట. మగవాళ్ళు ఆ సాయంత్రానికే సర్దుకున్నారు. ఆడవాళ్ళు ఆ రోజు నుంచి మాట్లాడుకోలేదు. తర్వాత పెద్ద మిషన్లు వచ్చి నేలంతా చదును చేసి అద్దాలు నాటాయి. గెనిమ ఎవరిదో తేలకముందే గెనిమ తేలిపోయింది. తోడికోడళ్ళు అనే మాటలో తోడు ఉంటుందని అనుకునేదాన్ని నేను. ఇక్కడ మిగిలింది కోడళ్ళే.

మాట్లాడుకోలేదంటే నోరు మూసుకుని ఉన్నారని కాదు. మా అత్త మేకతో మాట్లాడేది. పెద్దత్త వీధిలో పోతుంటే, మా అత్త గొంతు పెంచి, "ఏమే, అంత ఎండలో గొడుగు లేకుండా పోతాండావు, తల తిరిగి పడితే ఎవురు లేపల్ల?" అని మేకను అడిగేది. పెద్దత్త తన కోళ్ళతో అనేది: "గొడుగులు ఉండేవాళ్ళు పట్టుకోనీ. మాకు ఎండ కొత్తనా?" కాపురానికి వచ్చిన కొత్తలో నాకిది తెలియక, "అత్తా, మేక నీడలోనే ఉంది కదా" అని జవాబిచ్చేదాన్ని. మా అత్త నన్నూ మేకనూ మార్చి మార్చి చూసి, "దీనికే నయం, అర్థమైతాది" అని లోపలికి పోయేది.

ఎన్ని సంగతులో మేక మీదుగానే నడిచాయి. నా పురుడూ మేకకే చెప్పింది. పెద్దత్త మనవరాలి పెళ్ళిమాట కోళ్ళ ద్వారానే మాకు చేరింది.

పోయిన ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో మా అత్తకు ఆయాసం మొదలైంది. మిషన్ తొక్కితే రొప్పు. పావగడలో చూపించాం, వాళ్ళు తుమకూరు పొమ్మన్నారు. అక్కడి డాక్టరు గుండె పెద్దదయిందని, మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావడమేనని మా ఆయనతో చెప్పాడు. ఆ మాట ఆమెకు చెప్పకూడదనుకున్నాం. బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికే ఆమె మేకను పిలిచి, "గుండె పెద్దదయిందంట నాకు. ఎక్కువ దినాలు లేవంట" అని పెద్దగా చెప్పేసింది. చెవులు పనిచేసేవి కదా ఆమెకు.

అవతల ఇంట్లో కోళ్ళు కూడా అరవలేదు ఆ సాయంత్రం.

మర్నాడు పొద్దున నేను కసువు ఊడుస్తున్నాను. మా అత్త ట్రంకుపెట్టెలోంచి ఆ సగంబొంత తీసి మిషన్‌మీద వేసుకుని కూర్చుంది. ఎందుకిప్పుడు అంటే వినలేదు. నాలుగు తొక్కులు తొక్కింది, పుటుక్కుమని దారం తెగింది. ఎక్కించింది. మళ్ళీ తెగింది. వాకిట్లో నీడ పడింది. తల ఎత్తితే పెద్దత్త. పొడుగు మనిషి, తలుపు చట్రానికి తల తగలకుండా కొంచెం వంగి నిలబడి ఉంది. చూసింది నా వైపే.

"మీ ఇంట్లో దారం తెగే చప్పుడు మా ఇంటిదాకా వస్తాండాది పాపా. మేము కాపురాలు చెయ్యల్లనా వద్దా?"

దారం తెగితే అంత చప్పుడు రాదు. ఆ మాట అనబోయి, దేవుడి దయవల్ల మానుకున్నాను.

మా అత్త గోడవైపు చూసి అంది: "అవతల బరువు పట్టుకునేవాళ్ళు లేకపోతే తెగక ఏం చేస్తాది?"

"గుండె పెద్దదయిందంటనే," అంది పెద్దత్త, మొదటిసారి నేరుగా. "మాకెప్పుడూ కనపడలేదే అంత పెద్ద గుండె."

"నీకు కనపడేటట్ల పెట్టుకోవల్లనా? గేటు కాడ బోర్డు రాపించల్లనా?"

పెద్దత్త చెప్పులు విడిచింది. వచ్చి మిషన్ అవతల చాపమీద కూర్చుంది. బొంత కొసను రెండు చేతులమీదికి ఎత్తుకుంది. లాగలేదు. ఊరికే ఎత్తుకుంది. మా అత్త తొక్కింది. ఒక వరస మొత్తం, ఈ అంచు నుంచి ఆ అంచుకు, దారం తెగకుండా పోయింది. ఇద్దరిలో ఎవరూ గెనిమ మాట ఎత్తలేదు. ఆ రోజూ లేదు, తర్వాతా లేదు. నేను చీపురు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, చివరికి ఇద్దరూ ఒకేసారి, "కసువు ఊడ్చు పో!" అని కసిరారు. ఈ ఇంట్లో ఇద్దరు అత్తలు ఒక మాటమీద ఉండటం అదే మొదలు.

అప్పటి నుంచి రోజూ పొద్దున పెద్దత్త వచ్చేది. కాఫీ తాగి అవతల కూర్చునేది. సగం మిగిలిన బొంతే కదా, వారం పది రోజుల్లో అయిపోతుందనుకున్నాను. అవలేదు. ఒకటి రెండు వరసలు కుట్టగానే పెద్దత్త కింద చెయ్యి పెట్టి తడిమి, "ముడులు పడతాండాయే" అనేది. మా అత్త, "ఈ టెన్షన్ నిలబడదు పాడుది" అని నిట్టూర్చేది. ఇద్దరూ బొంతను తిరగేసుకుని, సూదికొసలతో ఆ కుట్లన్నీ విప్పుతూ కూర్చునేవాళ్ళు. విప్పడం కుట్టడంకన్నా నిదానమైన పని. ఒక్కో చీరముక్క మీదికి వచ్చినప్పుడు ఒక్కో కథ.

"ఇది నాగలమడిక తిరనాలలో తీసుకున్నది కదక్కా? ఇద్దరం ఒకే రంగు తీసుకున్నాము."

"ఒకే రంగని తీసుకున్నాము. ఉతికినాక నాది బూడిద అయింది, నీది గులాబి అయింది. ఆ అంగడాయన నిన్ను చూసి మంచిది ఇచ్చినాడు."

"నన్ను చూసి కాదు. నువ్వు ఆ దినం ఆయన్ను 'ముసలోడా' అన్నావు."

నవ్వు వస్తే మా అత్తకు దగ్గు వచ్చేది. దగ్గు వస్తే పెద్దత్త బొంత వదిలేసి వీపు రుద్దేది, భుజంమీది సూదులకు తగలకుండా. అవి ఎక్కడెక్కడ ఉంటాయో ఆమె చేతికి తెలుసు.

ఇంత పేరున్న మనిషి తన మిషన్‌ను ఎందుకు సరిచేసుకోలేకపోతోందో నాకు అర్థం కాలేదు. మందుల మూలంగా చూపు తగ్గిందేమో, వేళ్ళు వణుకుతున్నాయేమో అని దిగులుపడ్డాను. ఒకరోజు పెద్దత్త రాకముందు, పాలు పొంగుతాయని పరుగెత్తుతూ గదిలోకి తొంగిచూశాను. మా అత్త మిషన్ ముందు వంగి, ఆ బిళ్ళల ముందుండే చిన్న స్క్రూను బొటనవేలి గోరుతో మెల్లగా వదులు చేస్తోంది. వేళ్ళు వణకడం లేదు. ఒక చుట్టు తిప్పి, దారం లాగి చూసి, చాలదన్నట్టు ఇంకొంచెం తిప్పింది. నన్ను చూసింది.

"ఏం చూస్తాండావు? పాలు పొంగిపోతాండాయి."

పాలు పొంగిపోయాయి. ఆ రోజు నన్ను తిట్టలేదు.

పెద్దత్తకు తెలియదా? ఆమె కూడా మిషన్ ఎరిగిన మనిషే. కింద ముడులు పడితే ఏ స్క్రూ చూడాలో ఆమెకు తెలియకపోవడం అంటూ ఉండదు. ఒక్కరోజు కూడా ఆ స్క్రూ వైపు చెయ్యి పోనివ్వలేదు. ఒకసారి మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, వీళ్ళ అవస్థ చూడలేక, "హొసకోటలో మెకానిక్కు ఉండాడు మా, రేపు బండిమీద పిలుచుకొస్తా. ఒక్క నిమిషంలో సరిచేస్తాడు" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆయనమీద పడ్డారు. "నీకేం తెలుసురా మిషన్ గురించి? గేటు కాసుకో పో!" అంది మా అత్త. "పెద్దోళ్ళ పనిలో దూరేది ఎవురు నేర్పించినార్రా నీకు?" అంది పెద్దత్త. ఆయన నావైపు చూశాడు. నేను మేకవైపు చూశాను.

"అయినా ఈ బొంత ఎవరికి మా? చేనుకాడ పడుకునేవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు?" అని గొణిగాడు.

"చలికి," అంది మా అత్త. అంతే.

చలి రానే వచ్చింది. మా అత్త తొక్కలేకపోయింది. తొక్కడం నా వంతయింది, ఆమె పక్కన మంచంమీద పడుకుని చెప్పేది. రెండు దిండ్లు, తర్వాత మూడు దిండ్లు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే ఓపిక లేదు. పెద్దత్త మాత్రం వేళ తప్పలేదు. ముడులు పడుతూనే ఉన్నాయి. పెద్దత్త చేతిలో విప్పుడూ ఆగలేదు, ఇద్దరి మాటలూ ఆగలేదు. చివరిరోజుల్లో మా అత్త మాట్లాడేది తక్కువ, వినేదే ఎక్కువ. పెద్దత్త చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "వింటాండావా?" అని అడిగేది. "ఊఁ" అనేదాకా మళ్ళీ మొదలుపెట్టేది కాదు.

ఒక సాయంత్రం పెద్దత్త ఇంటికి వెళ్ళాక, మా అత్త నన్ను పిలిచి మిషన్ దగ్గర కూర్చోబెట్టమంది. ఎత్తి కూర్చోబెట్టాను. ఏమీ బరువు లేదు. "నువ్వు పోయి అన్నం పెట్టు," అంది. రేపటికి స్క్రూ వదులు చేసుకుంటుంది కాబోలు, నా ముందు సిగ్గు కాబోలు అనుకుని వెళ్ళిపోయాను. అన్నం వార్చి వచ్చేసరికి స్టూలుమీద అలాగే కూర్చుని, మిషన్ తలమీద చెయ్యి వేసి ఉంది. మంచంమీదికి చేర్చాను.

పొద్దున కాఫీ తీసుకెళ్ళాను. మూడు దిండ్లకూ ఆనుకుని ఉంది. గ్లాసు కింద పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను. నాకు తెలిసిన అన్ని గొంతులతోనూ పిలిచాను.

పెద్దత్త ఏడవలేదు. ఊరంతా అదే అనుకున్నారు. ఆమె వచ్చి, మా అత్త రవిక భుజంమీద మిగిలిన సూదులన్నీ ఒక్కొక్కటే తీసి, "గుచ్చుకుంటాయి" అని పక్కన పెట్టింది. స్నానానికి నీళ్ళు ఎన్ని కావాలో, ఏ చీర కట్టాలో, ఎవరు ముందు నడవాలో అన్నీ ఆమే చెప్పింది. మట్టి చేసి వచ్చిన వాళ్ళకు అన్నం ఆమే పెట్టింది. ఒక్క బొట్టు రాలేదు కంట్లోంచి. మా వైపు నుంచి వచ్చిన మా అమ్మ నా చెవిలో, "తగువులు మనసులోంచి పోవులే" అంది.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు పొద్దున, వాకిట్లో పెద్దత్త. చెప్పులు విడిచింది. కాఫీ అడగలేదు. నేరుగా పోయి మిషన్ అవతల చాప వేసుకుని కూర్చుంది.

"ఎక్కు పాపా," అంది.

నేను స్టూలుమీద కూర్చున్నాను. మా అత్త ఎక్కించిన దారం అలాగే ఉంది. అప్పటి నుంచి నేను మిషన్ ముట్టుకోలేదు, ముట్టుకోవాలంటే భయం. ఎలాగూ ముడులు పడతాయి, ఎలాగూ విప్పుతాం, మధ్యాహ్నం దాకా ఈమె ఇక్కడే ఉంటుంది, అంతవరకైనా ఇల్లు ఇంత బోసిగా ఉండదు అనుకున్నాను. పెద్దత్త బొంత కొసను చేతులమీదికి ఎత్తుకుంది. తొక్కాను. ఒక వరస పోయింది. ఇంకొక వరస పోయింది.

పెద్దత్త అలవాటుగా కింద చెయ్యి పెట్టి తడిమింది. చెయ్యి ఆగింది. ఇంకొంచెం ముందుకు జరిపి తడిమింది. అంచుదాకా తడిమింది.

"ముడుల్లేవే," అంది.

బొంత తిప్పి చూశాను. కింది కుట్టూ పై కుట్టూ ఏది ఏదో తెలియనంత సమంగా ఉన్నాయి. ఎక్కడా ఒక్క దారం వదులు లేదు.

"నువ్వు సరిచేసినావా?"

"లేదు పెద్దత్తా. నేను ముట్టనే లేదు."

"మీ ఆయన ఆ మెకానిక్కును..."

"లేదు. ఎవరూ ముట్టలేదు. చివరిగా కూర్చున్నది ఆమే. పోయే ముందురోజు సాయంత్రం."

పెద్దత్త స్క్రూ వైపు చూసింది. ఇన్నాళ్ళలో ఆమె దానివైపు చూడటం నేను చూసింది అదే మొదటిసారి. తర్వాత ఆమె పొడుగాటి ఒళ్ళంతా ఒక్కసారిగా కిందికి కుంగిపోయింది.

"సరిచేసి పోయిందే," అంది. "సరిచేసి పోయింది పాపా. ఎందుకు చేసింది? ఇంక రావద్దనా నన్ను? చాల్లే పో అనిందా?"

ఊరంతా ఎదురుచూసిన ఏడుపు అప్పుడు వచ్చింది. బొంత కొసను మొహానికి అదుముకుని, వెనక్కీ ముందుకీ ఊగుతూ ఏడ్చింది. దగ్గరికి పోయి వీపుమీద చెయ్యి వేశాను. బొంత నీకు ఇవ్వాలనుకుంది కాబోలు పెద్దత్తా, అది పూర్తికావాలనుకుంది కాబోలు అన్నాను. "నాకు బొంత ఎందుకు?" అంది. "బొంత కోసమా నేను వచ్చింది?"

ఆ సాయంత్రం మా అత్త మిషన్ తలమీద చెయ్యి వేసుకుని ఏమనుకుందో, ఎవరిని పొమ్మనుకుందో, ఎవరిని విడిచిపెట్టాలనుకుందో ఆ స్క్రూకు తప్ప ఎవరికీ తెలియదు.

చాలాసేపటికి పెద్దత్త కొంగుతో మొహం తుడుచుకుంది. జరిగి కూర్చుని, బొంత బరువంతా మళ్ళీ రెండు చేతులమీదికి తీసుకుంది. కుట్టడానికి ఇంకా ఎన్ని వరసలు మిగిలాయో అంచువైపు చూసింది. ఎక్కువ లేవు. నేను చక్రంమీద చెయ్యి వేసి, పాదాలు ఆనించాను.

"మెల్లగ తొక్కు పాపా," అంది. "అయిపోతాది."